లండన్‌లో ఆఫీసు లంచ్‌కి శాండ్‌విచ్ ఎక్కడ కొనుక్కోవాలి?

మీరు అడిగింది ఇదీ: లండన్ వచ్చి రెండు నెలలైంది, ఆఫీసు మూర్‌గేట్ దగ్గర. మాంసం తినరు, గుడ్డు తింటారు. లంచ్‌కి అరగంట, మహా అయితే నలభై నిమిషాలు దొరుకుతాయి. ప్రెట్ శాండ్‌విచ్ షాపు, టెస్కో సూపర్‌మార్కెట్, గ్రెగ్స్ బేకరీ, సందుల్లో ఉండే చిన్న షాపులు, వీటిలో ఏది మేలు? రోజుకి తొమ్మిది పౌండ్ల దాకా అవుతోంది, అందరికీ ఇంతేనా?

ముందు సమాధానం చెప్పేస్తాను. రోజూ తినడానికి మీ కళ్లెదుట చేసిచ్చే చిన్న శాండ్‌విచ్ బార్‌ని మించింది లేదు. నెలాఖరులో చెయ్యి బిగబట్టుకోవాల్సి వస్తే సూపర్‌మార్కెట్లో అన్నీ కలిపి ఒకే రేటుకి ఇచ్చే మీల్ డీల్. రెండు మీటింగుల మధ్య పది నిమిషాలే దొరికితే ప్రెట్. తొమ్మిది పౌండ్లు చాలామందికి అవుతున్న మాట నిజమే. కానీ అంత పెట్టనక్కర్లేదు.

నేను 2009 నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను. మొదట హోబర్న్, తర్వాత ఏడేళ్లు మీ మూర్‌గేట్‌లోనే, ఇప్పుడు ఫారింగ్డన్. మామూలు రోజుల్లో కోడి, చేప, గుడ్డు అన్నీ తింటాను. కార్తీకమాసం వచ్చిందంటే నెలంతా గుడ్డు కూడా ముట్టను. ఆ నెల రోజులూ ఒక్కో షాపులో లేబుళ్లు తిరగేసి, కౌంటర్ దగ్గర నిలబడి అడిగి అడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నవి చాలావరకు.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, షాపు పేరు చూసి లాభం లేదు. బ్రెడ్డు మధ్య ఫిల్లింగ్ పెట్టి ఎంతసేపైందో చూడాలి. పెనం మీంచి నేరుగా పళ్లెంలో పడిన దోసెకీ, పొద్దున్న డబ్బాలో పెట్టుకెళ్లి మధ్యాహ్నం తిన్న దోసెకీ ఎంత తేడా ఉంటుందో మీకు తెలుసు కదా. పిండి ఒకటే, చట్నీ ఒకటే, తేడా అంతా ఆ మధ్య గడిచిన గంటల్లో ఉంది. శాండ్‌విచ్‌కీ అదే లెక్క. ఈ కొలతతో చూస్తే లండన్ షాపులన్నీ మూడు రకాలు: నిన్నో మొన్నో ఫ్యాక్టరీలో చేసినవి, ఈ పొద్దున్న షాపు వెనక కిచెన్లో చేసినవి, మీరు అడిగాక చేసేవి.

మొదటి రకం సూపర్‌మార్కెట్లది. ప్యాకెట్ శాండ్‌విచ్‌ని మార్క్స్ అండ్ స్పెన్సర్ 1980లో అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు. ఇప్పుడు సూపర్‌మార్కెట్ల సొంత పేరు మీద కనిపించే వాటిలో చాలా భాగం గ్రీన్‌కోర్ లాంటి పెద్ద కంపెనీల ఫ్యాక్టరీల్లో తయారై, రాత్రికి రాత్రి చల్లటి లారీల్లో వస్తాయి. శుభ్రత విషయంలో నాకు వీటితో ఏ పేచీ లేదు. ఇబ్బంది అంతా చలితోనే. బ్రెడ్డు ఫ్రిజ్‌లో ఉంటే అందులోని పిండిపదార్థం గట్టిపడిపోతుంది. బయట పెట్టిన బ్రెడ్డు కంటే ఫ్రిజ్‌లో పెట్టిందే తొందరగా బిరుసెక్కుతుంది. దానికి తోడు టమాటా, కీరా తడి బ్రెడ్డుకి ఎక్కకుండా వెన్నో, గుడ్డూ నూనే గిలక్కొట్టి చేసే మేయోనో దట్టంగా పూస్తారు. అందుకే ఏది కొన్నా మీకు ఒకేలాంటి చల్లటి, మెత్తటి రుచి తగులుతుంది. ఒక చిన్న చిట్కా: డెస్క్ దగ్గరికి తెచ్చుకున్నాక పెట్టె తెరిచి పది నిమిషాలు అలా వదిలేసి తినండి. చలి విరిగితే బ్రెడ్డు కొంచెం కోలుకుంటుంది, చీజ్‌కి కూడా రుచి వస్తుంది.

ఇంకోటి గమనించండి. ఆ మూడుకోణాల అట్టపెట్టెకి ముందు వైపు ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది. కోసిన వైపే మనకి కనబడేలా పెడతారు. ఫిల్లింగంతా అక్కడే గుట్టగా ఉంటుంది. తింటూ వెనక మూలకి వెళ్లేసరికి ఉత్త బ్రెడ్డే మిగులుతుంది. కొనేముందు పెట్టెని కాస్త పక్కకి వంచి చూస్తే ఫిల్లింగ్ ఎంత లోపలికి వెళ్లిందో తెలుస్తుంది. నేను ఇప్పటికీ అలా చూడకుండా కొనను.

ధర విషయంలో మాత్రం మీల్ డీల్‌కి సాటి లేదు. శాండ్‌విచ్, ఒక చిరుతిండి, ఒక డ్రింకు కలిపి ఒకే రేటు. టెస్కోలో క్లబ్‌కార్డు అనే సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకి 2022 దాకా 3 పౌండ్లే ఉండేది. ఆ ఏడాదే 3.40 చేశారు, 2024లో 3.60, 2025లో 3.85. కార్డు ఉచితమే, ఫోన్లో యాప్ చాలు. ఇంకా తీసుకోకపోతే ఈ రోజే తీసుకోండి. డీల్‌లో విడిగా ఖరీదు ఎక్కువుండేవి తీసుకుంటేనే లాభం. మంచినీళ్ల బాటిల్ తీసుకుంటే డబ్బు పారబోసినట్టే. పండ్లముక్కల డబ్బా, స్మూతీ లాంటివి తీసుకోండి.

మీరు గుడ్డు తింటారు కాబట్టి ఈ రకంలో ఎగ్ అండ్ క్రెస్ తీసుకోవచ్చు. క్రెస్ అంటే సన్నటి మొలకాకు, కొంచెం ఆవఘాటు ఉంటుంది. చీజ్ అండ్ పికిల్ కూడా బాగుంటుంది, కానీ పికిల్ అన్నారు కదా అని ఆవకాయని మనసులో పెట్టుకుని కొరకకండి. అది 1922 నుంచి ఇక్కడ అమ్ముతున్న బ్రాన్‌స్టన్ పికిల్ తరహాది. క్యారెట్, ఉల్లి, కాలీఫ్లవర్ ముక్కలు వేసిన తీపి పులుపు ముద్ద, రంగు చింతపండు పులుసులా ఉంటుంది. ముదురు చెడ్డార్ చీజ్‌తో అది నిజంగా చక్కగా కుదురుతుంది. ఆనియన్ భాజీ ర్యాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఉల్లిపాయ పకోడీని ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తినమంటే ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

రెండో రకంలో ప్రెట్ ముఖ్యమైంది. 1986లో విక్టోరియా దగ్గర మొదలైంది. దాదాపు ప్రతి షాపు వెనకా కిచెన్ ఉంటుంది, పొద్దున్నే అక్కడే చేస్తారు, రాత్రి మిగిలినవి ఛారిటీలకి ఇస్తారు. అంటే మీ చేతికొచ్చేసరికి శాండ్‌విచ్‌కి కొన్ని గంటల వయసే. బగెట్, అంటే కర్రలా పొడుగ్గా ఉండే ఫ్రెంచి రొట్టె, తినాలనుకుంటే పన్నెండు లోపల కొనండి, పైపెంకు ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. రెండు దాటాక అదే బగెట్ సాగుతుంది. శాకాహారులకి ప్రెట్ ఒక మంచి పని చేసింది. 2016లో సోహోలో పూర్తి శాకాహార షాపు పెట్టింది, తర్వాత ఇంకొన్ని తెరిచింది. ఎగ్జ్‌మౌత్ మార్కెట్లో ఉన్నదానికి నేను కార్తీకమాసమంతా నడిచి వెళ్లేవాణ్ణి. 2024లో మిగిలిన వాటిని కూడా మామూలు ప్రెట్లుగా మార్చేశారు. ఆ షాపుల్లో అమ్మిన వంటకాలు చాలావరకు మామూలు షాపుల్లోకీ వచ్చాయి కాబట్టి మనకి మరీ నష్టం జరగలేదు, అయినా మాంసమో చేపో ఉందేమోనని లేబుల్ వెతుక్కోనక్కర్లేని ఆ హాయి పోయింది.

మీ తొమ్మిది పౌండ్లు ఎక్కడ పోతున్నాయో నేను ఊహించగలను. శాండ్‌విచ్ ఒక్కటే అయితే అంత అవదు. పక్కనే పెట్టిన క్రిస్ప్స్ (ఆలూ చిప్స్) ప్యాకెట్, చేతికందేలా ఉన్న జ్యూస్, కౌంటర్ దగ్గర కుకీ. ఇవి మానేసి ఆఫీసులో నీళ్లు తాగితే సగానికి సగం తగ్గుతుంది. ప్రెట్ కాఫీ సబ్‌స్క్రిప్షన్ గురించి మీకు పాతవాళ్లెవరైనా గొప్పగా చెబితే, అది పాత సంగతి అనుకోండి. 2020లో నెలకి 20 పౌండ్లకి రోజూ ఐదు కాఫీల దాకా ఇచ్చేవారు. 2024 సెప్టెంబరులో దాన్ని సగం ధరకి ఇచ్చే పద్ధతిగా మార్చారు.

ఇక్కడే పన్ను సంగతి చెప్పాలి, చాలామందికి తెలియదు. చల్లటి శాండ్‌విచ్ బయటికి పట్టుకెళితే వ్యాట్ లేదు. అదే షాపులో కూర్చుని తింటే 20 శాతం వ్యాట్. వేడి చేసి ఇస్తే పట్టుకెళ్లినా 20 శాతం. బోర్డు మీద రెండు ధరలు కనిపించడానికి కారణం అదే. "ఈట్ ఇన్ ఆర్ టేక్ అవే?" అని అడిగితే ఆలోచించకుండా ఈట్ ఇన్ అనేయకండి. మీ మూర్‌గేట్ నుంచి సిటీ రోడ్ మీద నడిస్తే బన్‌హిల్ ఫీల్డ్స్ వస్తుంది. పాత సమాధుల తోట, పెద్ద పెద్ద చెట్లు, వరసగా బెంచీలు. కవి విలియం బ్లేక్ సమాధి అక్కడే ఉంది. ఎండ కాసిన రోజు చుట్టుపక్కల ఆఫీసుల వాళ్లంతా లంచ్ పొట్లాలు విప్పేది అక్కడే. మూర్‌గేట్‌లో ఉన్న ఏడేళ్లూ నేను ఎక్కువ భోజనాలు చేసింది ఆ బెంచీల మీదే.

ఇక మూడో రకం. నాకు ఇష్టమైనది, మీకు నేను గట్టిగా చెప్పేది.

శాండ్‌విచ్ బార్ అంటే పెద్ద రోడ్డు మీద కాకుండా పక్క సందులో, రెండు మూడు కుర్చీలే ఉన్న ఇరుకు షాపు. అద్దాల కౌంటర్ లోపల స్టీలు గిన్నెలు వరసగా: ఎగ్ మేయో, ట్యూనా స్వీట్‌కార్న్, తురిమిన చెడ్డార్, కాల్చిన వంకాయ, క్యాప్సికమ్, మోజరెల్లా, కొరొనేషన్ చికెన్. ఈ చివరిది 1953లో రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందుకి తయారు చేసిన వంటకం. కరివేపాకు లేని కర్రీ పౌడర్, మేయో కలిసిన తియ్యటి కోడికూర అనుకోండి. ఈ వ్యాపారంలోకి మొదట ఎక్కువగా దిగింది ఇటలీ కుటుంబాలు. క్లర్కెన్‌వెల్‌లో వాళ్ల పేట ఉండేది, 1863 నాటి సెయింట్ పీటర్స్ చర్చి ఇప్పటికీ ఉంది, దాని పక్కనే 1878 నుంచి నడుస్తున్న టెర్రోని అనే ఇటాలియన్ సరుకుల కొట్టు ఉంది. ఒక శుక్రవారం వీలు చూసుకుని వెళ్లి, అక్కడ చీజ్, ఎండబెట్టిన టమాటాతో ఏదైనా చేయించుకుని తినండి.

మంచి శాండ్‌విచ్ బార్‌ని ఎలా గుర్తు పట్టాలంటే, చేసే మనిషి చేతులు చూడండి. మూర్‌గేట్‌లో నేను వెళ్లే షాపు పెద్దాయన రొట్టె తీసి, వెన్నని నాలుగు అంచులదాకా ఒకే ఊపులో పూసేవాడు, మధ్యలో ఒక ముద్ద వేసి వదిలేసేవాడు కాదు. గుడ్డు వేశాక చాకు వెనక వైపుతో మూలల్లోకి సర్దేవాడు. టమాటా ముక్కల మీదే ఉప్పు, మిరియాలు, బ్రెడ్డు మీద కాదు. పైముక్క మూసి అరచేత్తో ఒక్కసారి మెల్లిగా అదిమి, ఐమూలగా కోసి, తెల్లకాగితంలో చుట్టి రెండు చివర్లూ మెలిపెట్టి ఇచ్చేవాడు. మొత్తం నిమిషంన్నర. నేను మూడోసారి వెళ్లేటప్పటికి "ఎక్స్‌ట్రా చిల్లీ?" అని తనే అడిగాడు. ఆ తర్వాత ఏడేళ్లు నేను నోరు విప్పకుండానే పచ్చిమిర్చి పడేది. కోవిడ్ తర్వాత ఆఫీసులు ఖాళీ అయ్యాక ఆ షాపు తెరుచుకోలేదు. అలాంటివి చాలా పోయాయి. ఉన్నవాటి దగ్గర కొనండి అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి అది కూడా ఒక కారణం.

ధర? నేను వెళ్లే చోట్ల శాకాహార శాండ్‌విచ్ ఐదు, ఐదున్నర పౌండ్లు అవుతోంది. నెలకి 22 పనిదినాలు లెక్కేస్తే 121 పౌండ్లు. రోజూ మీల్ డీల్ అయితే దాదాపు 85. మీ తొమ్మిది పౌండ్ల అలవాటు 198. మొదటి రెంటికీ మధ్య తేడా 36 పౌండ్లు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పెరుగన్నమో పులిహోరో తెచ్చుకుంటే ఆ తేడా కూడా పోతుంది.

ఇప్పుడు శాకాహారం విషయం, జాగ్రత్తగా చదవండి. ఇక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు కలిసే ఉంటుంది. మీకు ఇబ్బంది లేదు, కానీ మీ ఇంటికి గుడ్డు తినని వాళ్లొస్తే మామూలు మేయో ఉన్న ఏ శాండ్‌విచ్ అయినా పనికిరాదు. వాళ్లకి వీగన్ అని రాసి ఉన్నవే చూడాలి. వాటిలో పాలు కూడా ఉండవు. మా టీమ్‌లోకి గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, వెజిటేరియన్ అని చెప్పే ఆకుపచ్చ వీ గుర్తు చూసి కొన్న శాండ్‌విచ్ సగం తిన్నాక లోపల గుడ్డు ఉందని తెలిసి ఏడ్చినంత పని చేసింది. ముందే చెప్పాల్సిన బాధ్యత మాదే. అప్పటినుంచి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మొదటి రోజే ఈ మాట చెబుతున్నాను.

రెండోది చీజ్. అసలైన పార్మెజాన్ అంటే పాలని విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడితేనే పార్మెజాన్. కాబట్టి అది శాకాహారం కాదు. బేసిల్ ఆకుతో చేసే పెస్టో సాస్‌లో మామూలుగా అదే పడుతుంది, మోజరెల్లా పెస్టో శాండ్‌విచ్ చూడ్డానికి ఎంత ఆకుపచ్చగా ఉన్నా సరే. ఇక్కడి చెడ్డార్‌లో ఎక్కువ భాగం శాకాహార రెన్నెట్‌తోనే చేస్తారు, లేబుల్ మీద ఉంటుంది. సీజర్ సాస్‌లో, వూస్టర్ సాస్‌లో ఆంకోవీ అనే చిన్న చేప ఉంటుంది.

మూడోది లేబుల్ ఉండటం, లేకపోవడం. షాపులోనే చేసి ముందే ప్యాక్ చేసి పెట్టిన వాటి మీద పదార్థాలన్నీ రాయాలని, అలర్జీ కలిగించే 14 రకాలు ప్రత్యేకంగా కనబడేలా ఉండాలని 2021 అక్టోబరు 1 నుంచి చట్టం ఉంది. నటాషా చట్టం అంటారు. 2016లో నువ్వుల అలర్జీ ఉన్న 15 ఏళ్ల అమ్మాయి, లేబుల్ మీద నువ్వుల మాట లేని బగెట్ తిని చనిపోయాక వచ్చింది. అడిగాక చేసిచ్చే శాండ్‌విచ్‌కి ఈ లేబుల్ ఉండదు, అడిగితే చెప్పాలి. మీకు పల్లీ, నువ్వుల అలర్జీ ఉంటే ఈ ఒక్క విషయంలో ప్యాకెట్‌దే సురక్షితం, నా సలహా పక్కన పెట్టండి.

చాకు సంగతి కూడా. హోబర్న్‌లో ఒక చిన్న షాపులో నా ముందు మనిషికి హామ్ (పంది మాంసం) శాండ్‌విచ్ కోసిన చాకుతోనే, తుడవకుండా, నాది కోసేశాడు. అది కార్తీకమాసం. మారు మాట్లాడకుండా డబ్బులిచ్చి వచ్చేశాను, తినలేదు. ఆ తర్వాత నేర్చుకున్న వాక్యం ఇది: "కుడ్ యూ యూజ్ ఎ క్లీన్ నైఫ్, ప్లీజ్?" ఇన్నేళ్లలో ఈ మాటకి ఎవరూ విసుక్కోలేదు. మొహమాటపడకండి.

మిగతావి త్వరగా చెబుతాను. గ్రెగ్స్ చవక, నమ్మకం, కానీ అక్కడ శాండ్‌విచ్ కంటే బేకరీ సరుకే బాగుంటుంది. 2019లో వచ్చిన వీగన్ సాసేజ్ రోల్ వేడిగా ఉంటే ఒకసారి తినండి. సబ్‌వేలో అడిగాకే చేస్తారు, కానీ బ్రెడ్డు మరీ మెత్తన, సాసులే రుచి. షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట: మాల్టెడ్ బ్రెడ్ గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన ముడి గోధుమ కాదు. హోల్‌మీల్ అని రాసి ఉండాలి. ఉప్పు కూడా చూసుకోండి. పెద్దవాళ్లకి రోజుకి 6 గ్రాములు దాటకూడదంటారు ఇక్కడ, ఒక్క చీజ్ శాండ్‌విచ్‌లోనే రెండు గ్రాముల దాకా ఉంటుంది.

శుక్రవారం టైము ఉంటే వైట్‌క్రాస్ స్ట్రీట్ మార్కెట్‌కి నడవండి, మీ ఆఫీసు నుంచి పది నిమిషాలు. ఫలాఫెల్ వేడిగా వేయించి చుట్టిస్తారు, మన మసాలా వడకి దూరపు చుట్టం. బ్రిక్ లేన్‌లో బీగల్ బేక్ 24 గంటలూ తెరిచి ఉంటుంది. దాని పేరు సాల్ట్ బీఫ్‌తోనే మోగింది, మనం క్రీమ్ చీజ్ బీగల్ (గారెలా మధ్యలో చిల్లు ఉన్న రొట్టె) తీసుకోవచ్చు, చాలా చవక. వియత్నాం వాళ్ల బగెట్ శాండ్‌విచ్ బాన్ మీ టోఫుతో దొరుకుతుంది, క్యారెట్ ఊరగాయ, కొత్తిమీర, పచ్చిమిర్చితో మన నాలుకకి వెంటనే నచ్చేస్తుంది. ఫిష్ సాస్ వద్దని మాత్రం ముందే చెప్పాలి.

టైము విషయం. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా ఎక్కడ చూసినా క్యూ. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు దిగండి, శాండ్‌విచ్ బార్‌లో గిన్నెలన్నీ నిండుగా ఉంటాయి, చేసే మనిషికి తొందర ఉండదు. చాలా బార్లు మూడింటికల్లా మూసేస్తాయి, శనాదివారాలు అసలు తెరవవు.

మీ ఆఫీసు చుట్టూ ఐదు నిమిషాల నడకలో ఉన్న బార్లన్నిటికీ ఒక్కోరోజు వెళ్లండి. ప్రతి చోటా మొదటిసారి ఎగ్ మేయోనే అడగండి. అది దాచలేని వంటకం. గుడ్డు ఈ పొద్దున్న ఉడికించిందా, పచ్చసొన చుట్టూ బూడిదరంగు వచ్చేలా ఉడికించేశారా, మేయోలో గుడ్డు ఉందా గుడ్డులో మేయో ఉందా, మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. కౌంటర్ దగ్గర ఇలా చెప్పండి: ఎగ్ మేయో, హోల్‌మీల్, నో బటర్, టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉంటే పచ్చిమిర్చి, సాల్ట్ అండ్ పెప్పర్, టేక్ అవే. మేయో ఉన్నాక వెన్న దండగ.